పిల్లర్ నంబర్ చెప్పండి సార్: హైదరాబాద్ ఇంగ్లీషుతో ఇల్లు పట్టడం, అడ్రస్ చెప్పడం ఎలా

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చినవాళ్లని ఇబ్బంది పెట్టేది ఉర్దూ అనుకుంటారు గానీ, ఎక్కువ తికమక పెట్టేది ఇంగ్లీషే. గుంటూరు నుంచి వచ్చినా, కరీంనగర్ నుంచి వచ్చినా, పదేళ్ల తర్వాత డాలస్ నుంచి తిరిగొచ్చినా అంతే. మాటలన్నీ తెలిసినవే, అర్థాలు మాత్రం ఈ ఊరివి. వాటిని దిద్దబోతే పని జరగదు. ఏ మాటకి ఇక్కడ ఏం అర్థమో తెలిస్తే డబ్బూ, పెట్రోలూ రెండూ మిగులుతాయి.

ముందు టులెట్ బోర్డు. "పోర్షన్" అంటే ఓనర్లు తాముండే ఇంట్లోనే ఒక భాగం విడదీసి అద్దెకిచ్చేది. గేటు, మెట్లు ఉమ్మడి, ఒక్కోసారి మోటారు స్విచ్చి కూడా. కాబట్టి కరెంటు మీటరు విడిగా ఉందా, రాత్రి గేటుకి ఎన్నింటికి తాళం పడుతుంది అన్నవి అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ఇల్లు చూసేటప్పుడే అడగాలి. "పెంట్‌హౌస్" అనే మాట చూసి విదేశాల నుంచి వచ్చినవాళ్లు తెగ సంబరపడతారు. ఇక్కడ చాలాచోట్ల అది టెర్రస్ మీద లేపిన ఒకటి రెండు గదులు. లిఫ్టు అక్కడిదాకా వస్తుందా, కింది అంతస్తులోనే ఆగిపోతుందా చూడండి. పైన స్లాబా, రేకులా చూడండి. సాయంత్రం చల్లగాలికి వెళ్లి చూస్తే ఏ పెంట్‌హౌసైనా నచ్చేస్తుంది, మధ్యాహ్నం 2 గంటలకి వెళ్లండి.

"ఫ్యామిలీస్ ఓన్లీ" అన్న బోర్డు దగ్గర ఈ సంభాషణ ఊళ్లో రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది:

"బ్యాచిలరా బాబూ?"
"కాదాంటీ, పెళ్లయింది. ఇద్దరు పిల్లలు."
"వాళ్లెక్కడుంటారు?"
"ఊళ్లో ఆంటీ."
"మరి బ్యాచిలర్ అని చెప్పొచ్చు కదమ్మా!"

ఓనర్ లెక్కలో ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు లేకపోతే బ్యాచిలరే, వయసు నలభై అయిదైనా సరే. వాదించి లాభం లేదు. కుటుంబం తర్వాత వచ్చేదుంటే "జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు ఫ్యామిలీ వచ్చేస్తారు" అని మొదటి ఫోన్లోనే చెప్పండి. రాకపోతే మాత్రం చెప్పకండి, మూడో నెలలో ఖాళీ చేయిస్తారు.

"అడ్వాన్స్" అంటే ముందుగా కట్టే అద్దె కాదు, ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే డిపాజిట్. మామూలుగా రెండు నెలల అద్దె అడుగుతారు. అందులోంచి "పెయింటింగ్" పేరుతో ఒక నెలది కోసుకోవడం చాలాచోట్ల అలవాటు, గొడవలన్నీ అక్కడే. ఎంత కోస్తారో అగ్రిమెంటులో అంకె వేయించండి. ఇక "మంజీరా" అంటే మున్సిపాలిటీ తాగునీరు. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వస్తున్నా పాత పేరే నిలిచిపోయింది. బోర్డు మీద "24 అవర్స్ వాటర్" అని ఉంటే అది బోరు నీళ్ల సంగతి. మంజీరా రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా, ఎంతసేపు, దానికి సంపు విడిగా ఉందా అని అడగండి. సంపు ఒక్కటే అయితే రెండు నీళ్లూ కలిసిపోతాయి, తాగడానికి క్యాన్లు కొనుక్కోవాల్సిందే.

ఇల్లు దొరికింది, అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. ఇంటి నంబరు "8-3-ఇంత బై ఇంత బై బి" అని ఉంటుంది. వార్డు, బ్లాకు, ఇల్లు అన్న వరసలో అది సరైనదే, కానీ ప్లాట్లు ముక్కలై, ఇళ్లు అంతస్తులై, "బై"ల మీద "బై"లు చేరడంతో పక్కపక్క ఇళ్ల నంబర్లకి పొంతన ఉండదు. దాన్ని పట్టుకుని ఇల్లు వెతికేవాళ్లు లేరు. డెలివరీ అబ్బాయి అడిగేది ఒకటే: "పిల్లర్ నంబర్ చెప్పండి సార్."

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే ఫ్లైఓవర్ 2009లో తెరిచాక దాని కింది స్తంభాలే ఆ దారికి అడ్రస్ అయిపోయాయి. 2017లో మెట్రో మొదలయ్యాక అది వెళ్లే దారులకీ ఆ సౌకర్యం వచ్చింది. మెట్రో పిల్లర్ మీద అంకె ముందు ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, దాన్ని మింగేయకండి. అక్షరం మారితే లైనే మారిపోతుంది.

అడ్రస్ ఈ వరసలో చెప్పండి: ఏరియా, పిల్లర్ నంబరు, ఎటునుంచి వస్తే ఏ పక్క, ఎన్నో సందు, చివరికి గేటు రంగు. "అన్నా, అత్తాపూర్, పిల్లర్ నంబర్ 143. మెహదీపట్నం నుంచి వస్తే లెఫ్ట్ సైడు. ఫ్లైఓవర్ ఎక్కకు, కిందినుంచే రా. మెడికల్ షాపు పక్కన లెఫ్ట్ కొట్టు, సెకండ్ రైట్, బ్లూ గేటు." ఫ్లైఓవర్ మాట మర్చిపోతే అతను పైనుంచి మీ ఇంటిని దాటిపోయి, కింద దిగి వెనక్కి రావాలి. బిర్యానీ చల్లారిపోతుంది.

"అపోజిట్" అన్న మాట జాగ్రత్తగా వాడాలి. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురుగా కనిపించే షాపుకి చేరడానికి కిలోమీటరు అవతల యూటర్న్ కొట్టాల్సి రావచ్చు. "బ్యాక్‌సైడ్" అంటే ఆ బిల్డింగ్ వెనక వీధి, దారి మాత్రం ముందునుంచి ఉండకపోవచ్చు. "సిగ్నల్ దగ్గర" అంటే కూడలి దగ్గర. యూటర్నుల కోసం అక్కడ సిగ్నల్ తీసేసినా పేరు పోలేదు. సికింద్రాబాద్‌లో "సంగీత్ దగ్గర దిగండి" అంటే సినిమా హాలు కోసం చూడకండి, హాలు ఎప్పుడో పోయింది, ఆ చౌరస్తాకి పేరు మిగిలింది. ఎల్బీనగర్ వైపు "రింగ్ రోడ్డు" అంటే చౌరస్తా. ఊరి చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల పెద్ద రోడ్డు కావాలంటే "ఔటర్" అనాలి, ఎగ్జిట్ నంబరు కూడా చెప్పాలి. "రోడ్ నంబర్ 10" అని ఊరుకోకండి. బంజారాహిల్స్‌లో ఒకటుంది, జూబ్లీహిల్స్‌లో ఇంకోటుంది.

"లొకేషన్ పెట్టండి" అని అడిగినప్పుడు ఆఫీసులో కూర్చుని "కరెంట్ లొకేషన్" నొక్కితే ఇంటికి రావాల్సిన సామాను ఆఫీసుకొస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు గేటు బయట నిలబడి ఒక పిన్ తీసి దాచుకోండి, ఎప్పుడు అడిగినా అదే పంపండి. లోపలి గది నుంచి తీస్తే పిన్ పక్కవీధిలో పడే ప్రమాదం ఉంది.

తిండి దగ్గర ఇంత కష్టం లేదు. "హోటల్"లో గదులుండవు, "కర్రీ పాయింట్"లో కూరలుంటాయి, అన్నం ఇంట్లో వండుకోవాలి. "వన్ బై టూ" అంటే ఒకటి తెచ్చి ఇద్దరికీ పంచుతారు. కూర్చోగానే సర్వర్ "నార్మలా, కూలింగా?" అని అడుగుతాడు. కొన్నిచోట్ల "నార్మల్" అంటే జగ్గులో నీళ్లు, కొన్నిచోట్ల ఫ్రిజ్‌లో పెట్టని బాటిల్, దానికి బిల్లు పడుతుంది. "బాటిల్ వద్దు భయ్యా, జగ్గులో నీళ్లు చాలు" అని మూత తీయకముందే చెప్పండి.