కర్మాగారాన్ని తరలించే ముందు పన్ను లెక్క, నేల లెక్క

2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక సరుకుపై పన్ను రేటు దేశంలో ఎక్కడైనా ఒకటే కాబట్టి, హైదరాబాద్ నుంచి చిన్న కర్మాగారాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తరలించదలచినవారు రేటును కాక, ప్రోత్సాహకంగా ప్రభుత్వం తిరిగి ఇచ్చే రాష్ట్ర జీఎస్టీ వాపసును, స్టాంపు డ్యూటీ, కరెంటు రాయితీలను పోల్చి చూడాలి. వాపసు సొమ్ము ఆలస్యంగా చేతికందడం మామూలే కనుక, దాన్ని తొలి రెండేళ్ల రాబడిలో జమకట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కంతా నేల దగ్గరే ఉంటుంది. 65వ జాతీయ రహదారి మీది చౌటుప్పల్ దాపున దండుమల్కాపూర్‌లో ఉన్నటువంటి పారిశ్రామిక పార్కులో ప్లాటు ధర ఎక్కువనిపించినా, రోడ్డు, నీరు, కరెంటు కోసం విడిగా తిరగవలసిన పని తగ్గుతుంది. (జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్, అంటే ప్రత్యేక ఆర్థిక మండలి, కాబట్టి అక్కడి నిబంధనలు వేరు.) బయట పట్టా భూమి కొనేవారు రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరును, ఈసీని (భూమిపై లావాదేవీలు, తాకట్లు చూపే పత్రాన్ని) సరిచూసుకుని, అది అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) కాదని ముందుగా తేల్చుకోవాలి, అటువంటి భూమి బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. కాగితంలో మూడెకరాలు నిక్కచ్చిగా ఉన్నా, గట్టు మీద నిలబడి చూస్తే లారీ మలుపు తిరిగే బాట ఉండకపోవచ్చు. అందుచేత సర్వేయరుతో హద్దులు కొలిపించి, పొరుగు రైతును విచారించి, నల్లగొండ ప్రాంతమైతే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించాలి. ఆ తరువాతే బయానా ఇచ్చి, నాలా మార్పిడికి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి), పరిశ్రమల ఏకగవాక్ష విధానమైన ఐపాస్ అనుమతులకు దరఖాస్తు చేయాలి.