మహమ్మారి వాదనల్లో హారం వెతకడం ఎలా

"ఆసుపత్రిలో చేరినవాళ్లలో సగానికి పైగా టీకా వేసుకున్నవాళ్లే." ఈ మాట అక్షరాలా నిజం కావచ్చు. అయినా టీకా పనిచేయడం లేదని దాన్నిబట్టి చెప్పలేం. భిన్నంలో పైన లవం, కింద హారం ఉంటాయి. ఇలాంటి వాదనల్లో పై అంకె ఒక్కటే వినిపిస్తుంది. కింది అంకెను మనమే అడిగి రాబట్టాలి.

కాగితం మీద వేసి చూడండి. 10,000 మంది ఉన్నచోట 9,000 మంది టీకా వేసుకున్నారు, 1,000 మంది వేసుకోలేదు. వేసుకోనివాళ్లలో వందకు ఒకరు ఆసుపత్రి పాలయ్యారనుకుంటే 10 మంది. టీకా ఆ ముప్పును 80 శాతం తగ్గిస్తే వేసుకున్నవాళ్లలో వెయ్యికి ఇద్దరు, అంటే 18 మంది. మొత్తం 28 పడకల్లో 18, దాదాపు 64 శాతం, టీకా వేసుకున్నవాళ్లవే. టీకా బాగా పనిచేస్తున్నచోటే ఈ అంకె వచ్చింది. వేసుకున్నవాళ్లు పెరిగేకొద్దీ పడకల్లో వాళ్ల వాటా కూడా పెరుగుతుంది. అందుకే లక్ష మందికి ఎందరన్న లెక్క అడగండి, అదీ వయసులవారీగా. టీకా ముందు వృద్ధులకు వేస్తారు, ఆసుపత్రి ముప్పు ఎక్కువున్నదీ వాళ్లకే. అన్ని వయసులనూ కలిపి లెక్కిస్తే టీకా తక్కువగా పనిచేసినట్టు కనిపిస్తుంది.

సామర్థ్యం శాతాన్ని చదవడంలోనూ పొరపాటు జరుగుతుంది. 2020లో ఫైజర్ టీకా ట్రయల్‌లో సుమారు 43,000 మందిని రెండు సమాన జట్లుగా చేశారు. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి సూది) తీసుకున్నవాళ్లలో 162 మందికి, టీకా తీసుకున్నవాళ్లలో 8 మందికి కోవిడ్ వచ్చింది. ఆ టీకాకు చెప్పే 95 శాతం సామర్థ్యం ఈ రెండింటి పోలిక నుంచి వచ్చింది. టీకా వేసుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందని దాని అర్థం కాదు. "అసలు లాభం ఒక శాతం కూడా లేదు" అనేవాళ్లూ ఇవే అంకెలు చూపిస్తారు. ఒక జట్టులో జబ్బు పడ్డవాళ్ల శాతంలోంచి రెండో జట్టు శాతాన్ని తీసేస్తే అంతే వస్తుంది. ఆ తీసివేత సరైనదే, కానీ అది సుమారు రెండు నెలల లెక్క. మహమ్మారి ఏళ్లతరబడి సాగితే టీకా లేనివాళ్ల ముప్పు నెలనెలా కూడుతూ పోతుంది. ఇంకొకటి: ఆ ట్రయల్ లెక్కపెట్టింది లక్షణాలతో బయటపడ్డ జబ్బును. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడాన్ని అది కొలవలేదు కాబట్టి, ఆ 95ను వ్యాప్తికి అంటగట్టొద్దు.

దుష్ప్రభావాల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందుల నివేదికలు సేకరించడానికి అమెరికాలో 1990 నుంచి నడుస్తున్న వేర్స్ వ్యవస్థకు ఎవరైనా నివేదిక పంపొచ్చు. కోవిడ్ టీకాల విషయంలో, టీకా తర్వాత జరిగిన మరణాన్ని కారణం ఏదైనా సరే తెలియజేయాలని టీకా వేసేవాళ్లకు షరతు పెట్టారు. కాబట్టి అక్కడున్న సంఖ్యను "టీకా వల్ల పోయినవాళ్లు" అని చదవకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. పసిపిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదాన్ని మొదట పట్టించింది ఇలాంటి నివేదికలే. దాంతో 1999లో రోటాషీల్డ్ అనే రోటావైరస్ (పిల్లల్లో విరేచనాలు తెచ్చే వైరస్) టీకా మార్కెట్ నుంచి పోయింది. చేయాల్సిన పని: నివేదికలు ఎన్ని, డోసులు ఎన్ని, టీకా లేకపోయినా అదే వయసులో అన్నే రోజుల్లో ఎన్ని కేసులు వచ్చేవి అన్నది పక్కపక్కన రాసుకోవడం. 2021 జూన్‌లో గుండె కండరం వాపు విషయం ఇలాగే తేలింది: 12 నుంచి 29 ఏళ్ల మగవాళ్లలో, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (ఫైజర్ టీకా లాంటిది) రెండో డోసు తర్వాత, పది లక్షల డోసులకు సుమారు 40 కేసులు.

బడుల మూత మీద వాదనకు ఇంత శుభ్రమైన లెక్క దొరకదు. 2020 మార్చిలో చాలా దేశాల్లో బడులతో పాటు ఆఫీసులు, రవాణా కూడా ఆగిపోయాయి. కేసులు తగ్గితే ఆ ఘనత దేనిదో విడదీయలేం. ముందూ వెనకా పోల్చి చూపించే గ్రాఫ్ వస్తే, ఆ వారంలో ఇంకేం మారిందో అడగండి. స్వీడన్ ఆ వసంతంలో 16 ఏళ్లలోపు పిల్లల బడులు తెరిచే ఉంచి, పైతరగతులను ఆన్‌లైన్‌కు మార్చింది. ఒకే దేశం, అవే నెలలు కాబట్టి ఇలాంటి పోలికకు బరువెక్కువ. ఫ్లూ అనుభవాన్ని కూడా నేరుగా తెచ్చి అతికించొద్దు. ఫ్లూను ఎక్కువగా మోసుకొచ్చేది పిల్లలే. అయినా 2009లో స్వైన్ ఫ్లూ అంత తీవ్రంగా లేదని తేలగానే, బడులు మూయమన్న సలహాను అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కొద్ది రోజుల్లోనే మార్చుకుంది. మూత ఉత్తర్వు ఏదైనా చేతికొస్తే ముందు చివరి పేరా చూడండి: ఏ కొలత ఎంతకు దిగితే తెరుస్తారు, సమీక్ష ఏ తేదీన? ఆ రెండూ లేని ఉత్తర్వు నెలలకు నెలలు సాగుతుంది. బడి భోజనం మీద, ప్రత్యేక బోధన మీద ఆధారపడ్డ పిల్లలే ముందు నష్టపోతారు.

కాలేజీ ఆటల్లో ఒకే జట్టుకు రెండు హారాలు ఉండొచ్చు. అమెరికాలో బిగ్ టెన్ అనే విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి 2020 ఆగస్టు 11న ఫుట్‌బాల్ వాయిదా వేసి, సెప్టెంబరు 16న రోజువారీ పరీక్షల షరతుతో ఆడతామంది. ఏడు రోజుల సగటులో పాజిటివిటీ (పాజిటివ్ వచ్చినవాటి వాటా) పరీక్షల మీద 5 శాతం, మనుషుల మీద 7.5 శాతం దాటడం ఎర్ర గీత. 150 మంది బృందానికి వారంలో సుమారు 900 పరీక్షలు చేస్తే 12 మందికి పాజిటివ్ వచ్చిందనుకుందాం. పరీక్షల లెక్కలో 1.3 శాతం, అంటే నిశ్చింత. మనుషుల లెక్కలో 8 శాతం, గీత దాటేసింది. "మా పాజిటివిటీ తక్కువే" అన్న ప్రకటన వింటే, దేని మీద తక్కువో అడగాల్సిందే.

అదే బిగ్ టెన్‌లో కోవిడ్ వచ్చి తగ్గిన 1,597 మంది క్రీడాకారులకు గుండె ఎంఆర్‌ఐ తీస్తే 37 మందిలో, అంటే 2.3 శాతం మందిలో, గుండె కండరం వాపు కనిపించింది. లక్షణాలున్నవాళ్లకే పరీక్షలు చేసి ఉంటే 5 మందే బయటపడేవారు, 0.31 శాతం. ఎంత గాలిస్తే అంత దొరుకుతుంది. కాబట్టి ఈ 2.3 శాతాన్ని టీకా తర్వాతి 40 కేసుల పక్కన పెట్టి "జబ్బు ముప్పు ఇన్ని వందల రెట్లు" అనడం, టీకా పక్షాన నిలబడి చెప్పినా, తప్పే. ఒకటి అందరినీ ఎంఆర్‌ఐలో చూసి తీసింది, రెండోది ఇబ్బందితో వచ్చినవాళ్ల నివేదికల నుంచి తీసింది. పోల్చక తప్పకపోతే 0.31 శాతాన్నే తీసుకోండి, పది లక్షలకు 3,100 అవుతుంది. అది ఐదుగురి మీద కట్టిన లెక్క అని పక్కనే రాయండి.