పాలిమర్ క్లే నగలు: విరిగినా, జిగురు పట్టినా, పూసలు రాలినా ఏం చేయాలి

మా మేనకోడలి పుట్టినరోజుకని ‘శ్రావ్య’ అని తెలుగు అక్షరాలు మలిచి లాకెట్ చేశాను. ఓవెన్‌లోంచి తీసినప్పుడు చూడముచ్చటగా ఉంది. మర్నాడు గొలుసుకు తగిలిస్తుంటే ర వత్తు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని అతికించబోతే య వత్తు తోక విరిగింది. చివరికి మిగిలింది ‘శావ’. పిల్ల పడీపడీ నవ్వింది, నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు క్లేని తిట్టుకున్నాను. తర్వాత ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. డయల్ 130 డిగ్రీల మీద ఉంది, లోపలి ముల్లు 105 దగ్గరే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ఎవరు ఏ ఫొటో పంపి ‘ఇలా ఎందుకైంది’ అని అడిగినా ముందు వేడి ఎంత పెట్టారనే అడుగుతున్నాను.

రెండు రోజులైనా ఆరలేదు

ఆరదు కూడా. పాలిమర్ క్లే పేరుకే మట్టి. నిజానికి అది పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు కలిసిన ముద్ద. ఎండలో పెట్టినా ఫ్యాన్ కింద పెట్టినా గట్టి నగ అవదు. తగినంత వేడి తగిలితేనే ఆ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. గాలికి ఆరే క్లే, టెర్రకోట మట్టి వేరే సరుకులు. వాటికి చెప్పిన చిట్కాలు దీనికి పనికిరావు. నీళ్లు కలిపి మెత్తబరచడం అందులో మొదటిది.

చల్లారాక పుటుక్కున విరుగుతోంది

వేడి తక్కువైంది, లేదా సమయం చాలలేదు. ఒక్కో బ్రాండ్ క్లేకి లెక్క వేరు, ముందు ప్యాకెట్ మీద చూడండి. ఫిమో సాఫ్ట్‌కి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు చాలు. ప్రీమోకి 130 డిగ్రీలు కావాలి, ప్రతి 6 మి.మీ. మందానికి 30 నిమిషాలు పెట్టాలి. ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే పచ్చిగానైనా ఉంటుంది, మాడిపోనైనా మాడిపోతుంది.

మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీల్లో (కరెంటు ఓవెన్లలో) రాడ్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి కాబట్టి వేడి ఒక్కచోట నిలవదు. పావుగంట ముందే ఆన్ చేసి పెట్టండి. మధ్య అరలో తెల్లటి ఫ్లోర్ టైల్ ముక్క పెట్టి, దాని మీద మామూలు కాగితం పరిచి, నగని ఆ కాగితం మీద ఉంచండి. టైల్ వేడిని పట్టి ఉంచుతుంది. కాగితం లేకపోతే అడుగున అద్దంలా మెరిసే మచ్చలు పడతాయి.

వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే రబ్బరులా మెత్తగా తగులుతుంది. అది చూసి చాలామంది కంగారుపడి ఇంకో గంట పెడతారు. చల్లారనిచ్చి అప్పుడు చూడండి. నేనైతే ప్రతి విడతలోనూ 3 మి.మీ. మందం పట్టీ ఒకటి పక్కన పెడతాను. చల్లారాక దాన్ని వేళ్ల మధ్య వంచితే కొంచెం వంగి వెనక్కి రావాలి. టక్కున విరిగితే ఆ విడత అంతా పచ్చిగా ఉన్నట్టే. వంచినా విరగని క్లే కావాలంటే ప్రీమో, ఫిమో ప్రొఫెషనల్ రకాలు కొనండి. స్కల్పీ త్రీ బాగా ఉడికినా సన్నటి చోట్ల పెళుసుగానే ఉంటుంది.

పచ్చిగా ఉన్నదాన్ని పారేయక్కర్లేదు. మళ్లీ సరైన వేడిలో పెడితే గట్టిపడుతుంది. ఎన్నిసార్లయినా పెట్టవచ్చు.

కుక్కర్‌లో ఉప్పు పోసి కేకు చేసినట్టు దీన్నీ చేయొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. లోపల ఎంత వేడి ఉందో తెలుసుకునే దారి లేదు. మైక్రోవేవ్ మోడ్ కూడా వద్దు.

గోధుమరంగుకి తిరిగింది, పొగ వచ్చింది

తెల్ల క్లే, లేత రంగులు ముందుగా మాడతాయి. పైరాడ్‌కి దగ్గరగా ఉంటే ఇలా అవుతుంది. అల్యూమినియం ఫాయిల్‌ని గుడారంలా పైన కప్పండి, అది నగకి తగలకుండా చూడండి. రంగు మారిన ముక్కని సాండ్‌పేపర్‌తో రుద్దితే కొంత పోతుంది, బాగా మాడితే పోదు.

పొగ వచ్చిందంటే మాత్రం ఇంక నగ గురించి ఆలోచించకండి. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లూ గొంతూ మండుతాయి. స్విచ్ తీసేసి, కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని గదిలోంచి బయటికి వచ్చేయండి.

తెలుగు అక్షరాల్లో వత్తులు ఊడుతున్నాయి

నాకు బాగా అనుభవమైన చోటు ఇదే. బజార్లో దొరికే అక్షరాల పూసలు, అచ్చులు ఎక్కువగా ఇంగ్లీషువే. తెలుగులో పేరు కావాలంటే చేత్తో మలుచుకోవాల్సిందే. మన లిపిలో తలకట్టు, గుడి, వత్తులు అసలు అక్షరానికి సన్నటి మెడతో మాత్రమే అంటి ఉంటాయి. నగలో బలం ఎక్కడ పోతుందో అక్కడే విరుగుతుంది.

అక్షరాన్ని విడిగా నిలబెట్టకండి. 3 మి.మీ. మందం పలక కోసి, దాని మీద ఈతాకంత సన్నటి తీగల్లా చుట్టిన క్లేతో అక్షరం అతికించండి. అతికే ముందు రెండువైపులా సూదితో గీతలు పెట్టి, లిక్విడ్ క్లే (ద్రవంలా దొరికే పాలిమర్ క్లే) చుక్క రాయండి. ర వత్తుని పైన పెట్టి వదిలేయకుండా, దాని చివర శ కాడ మీదికి ఎక్కేలా వేసి మెల్లగా నొక్కండి. రెండోసారి చేసిన ‘శ్రావ్య’ ఇలా చేసిందే, ఏడాదిగా స్కూల్ బ్యాగ్‌కి వేలాడుతోంది.

చేత్తో గుండ్రాలు రాకపోతే ఇంకో దారి ఉంది. ఫోన్‌లో మంచి తెలుగు ఫాంట్‌లో పేరు టైప్ చేసి, అద్దంలో కనిపించినట్టు తిప్పి, జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే పనిచేయదు, టోనర్ ఉండాలి. అచ్చు వైపు పచ్చి క్లే మీద బోర్లా వేసి, చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్ది, అరగంట వదిలి, ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి. దిగకపోతే కాగితంతో సహా ఓవెన్‌లో పెట్టి తర్వాత తీయండి. తిప్పడం మర్చిపోతే పేరు అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా తారుమారై వస్తుంది, అది సరిదిద్దలేం.

పైపూత వేశాక జిగురుజిగురుగా ఉంది

నెయిల్ పాలిష్ వేశారా? నూటికి తొంభైసార్లు అదే అని పందెం కాస్తాను. దాంట్లోని సాల్వెంట్, క్లేలోని ప్లాస్టిసైజర్ కలిస్తే పైపొర ఎప్పటికీ ఆరని జిగురవుతుంది. కొన్ని స్ప్రే వార్నిష్‌లూ అంతే. వెంటనే తెలియదు, వారం తర్వాత నగ డబ్బాకి అతుక్కుపోయి కనిపిస్తుంది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, పోకపోతే సాండ్‌పేపర్‌తో ఆ పొర గీకేసి, నీళ్లతో కలిసే యాక్రిలిక్ వార్నిష్ పలుచగా రెండు పూతలు వేయండి. నిజం చెప్పాలంటే బాగా ఉడికిన క్లేకి పూత అక్కర్లేదు. మెరుపు కావాలంటే తడి సాండ్‌పేపర్‌తో 400 నుంచి 1000 నంబరు దాకా రుద్ది, పాత జీన్స్ గుడ్డతో తుడవండి.

ముద్ద పొడిపొడిగా రాలుతోంది, లేదా చేతికంటుతోంది

మే నెలలో కొరియర్‌లో వచ్చిన క్లే చాలాసార్లు ఇలాగే ఉంటుంది. మన ఎండల్లో డెలివరీ వ్యాన్‌లో గంటలకొద్దీ ఉంటే లోపలే సగం ఉడికినట్టు గట్టిపడుతుంది. చిన్న ముక్కలు చేసి, ఒకటి రెండు చుక్కలు బేబీ ఆయిల్ వేసి, చపాతీ పిండిలా ఓపిగ్గా పిసకండి. అప్పటికీ కలవకపోతే వదిలేయండి. ఎండాకాలం కొనేది వానలు పడ్డాక కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. మరీ మెత్తగా ఉంటే రెండు తెల్ల కాగితాల మధ్య రాత్రంతా ఉంచండి, ఎక్కువైన నూనె కాగితం పీల్చుకుంటుంది.

క్లే పిసికిన చపాతీ పీట, కర్ర మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. ఈ పనికి విడిగా ఉంచుకోవాలి.

తెల్ల క్లేలో నల్ల నూలు పోగులు కనిపిస్తే చేతులదే తప్పు. తెల్లది ముందు, నల్లది, ఎర్రది ఆఖర్న పిసకండి. మధ్యలో చేతులు వెట్ వైప్‌తో తుడుచుకోండి. వేలిముద్రలు పోవాలంటే ఓవెన్‌లో పెట్టకముందు ఆల్కహాల్‌లో ముంచిన దూది బ్రష్‌లా తాకించండి.

పూసలు ఓవెన్‌లో ముడుచుకుపోయాయి

క్లేలో పొదిగి కాల్చడానికి గాజు పూసలు, లోహపు పూసలు నిలుస్తాయి. ప్లాస్టిక్ ముత్యాలు, యాక్రిలిక్ పూసలు నిలవవు, వాటిని చల్లారాక జిగురుతో అతికించాలి. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట గాజు పూసల్లాంటివి దొరికితే ఈ పనికి ఎంతో బాగుంటాయి. కాకపోతే చేత్తో చేసిన పూసల రంధ్రాలు అన్నీ ఒకేలా ఉండవు, తీగ దూరేవీ దూరనివీ ముందే వేరుచేసుకోండి.

దండ తెగుతోంది, రింగు విడిపోతోంది

నూలు దారంతో గుచ్చితే గాజు పూస అంచు రంపంలా కోస్తుంది. బేగంబజార్‌లో గేర్ వైర్ (పూసలు గుచ్చే సన్నటి లోహపు తీగ), గేర్ లాక్ (దాని కొసని బిగించే చిన్న గొట్టం) అని అడిగితే ఇస్తారు. లాక్‌ని నోస్ ప్లయర్‌తో ఒక్కసారి గట్టిగా నొక్కండి. పూసల్ని బిగించేయకుండా 2 మి.మీ. ఖాళీ వదలండి, లేకపోతే మెడ దగ్గర వంగినచోట తీగ తెగుతుంది. ఎలాస్టిక్ అయితే గుచ్చేముందు రెండుమూడుసార్లు లాగి, ముడి మీద జిగురు చుక్క వేసి పూసలోకి తోసేయండి.

జంప్ రింగ్‌ని (లాకెట్‌ని గొలుసుకి తగిలించే చిన్న రింగుని) రెండు పక్కలకి లాగి తెరిస్తే మళ్లీ గుండ్రంగా కలవదు. ఒక కొసని ముందుకి, ఇంకో కొసని వెనక్కి మెలితిప్పి తెరవాలి, అలాగే మూయాలి.

కమ్మల దిమ్మ (వెనక పుల్ల ఉండే లోహపు బిళ్ల) ఊడి వస్తోందంటే జిగురొక్కటే దాన్ని మోస్తోందని అర్థం. దిమ్మ చుట్టూ పలుచని క్లే పొర, కింద లిక్విడ్ క్లే పూసి మరోసారి ఓవెన్‌లో పెట్టండి. ముందు వేసిన సూపర్ గ్లూ అంతా గీకేసి పెట్టాలి, వేడికి అది పట్టు వదిలేస్తుంది.