ఆంగ్ల ఇంటిపేర్లను చదవడం – అయిదవ పాఠం: కాటన్‌లో పత్తి లేదు

నాలుగవ పాఠం చివర "కాటన్ అనే ఇంటిపేరును విడదీసి అర్థం రాయండి" అని ఒకే ఒక అభ్యాసం ఇచ్చాను. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ రెండు రకాలుగా ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పూర్వీకులు పత్తి వ్యాపారులై ఉంటారని కొందరు రాశారు. పేర్ల చివరి ముక్కలకు అర్థాలు చెప్పిన గత పాఠంలోని పట్టికను శ్రద్ధగా అనుసరించినవారు "కాట్" అంటే గుడిసె, "టన్" అంటే ఊరు, కనుక "గుడిసెల ఊరు" అని రాశారు. మొదటి జవాబు పూర్తిగా తప్పు. రెండవ దానిలో మొదటి సగం సరైనది, రెండవ సగం తప్పు, ఆ తప్పుకు నా పట్టికే కారణం. అందువల్ల వృత్తుల మీద వచ్చిన ఇంటిపేర్లను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ పాఠమంతా ఈ ఒక్క చిక్కును విప్పడానికే కేటాయిస్తున్నాను.

ముందుగా పత్తి సంగతి చూద్దాం. పత్తిని సూచించే ఆంగ్ల పదం అరబ్బీలోని "కుత్న్" నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరింది. ఇంటిపేరులోని కాటన్ అంతకంటే పాతదైన స్వదేశీ పదం, ఊరి పేరు. కేంబ్రిడ్జ్‌షైర్‌లో కోటన్ అనే ఊరు, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ అనే ఊరు ఇప్పటికీ ఉన్నాయి. ఈ రెండు పదాలకూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు, కాలక్రమంలో ఉచ్చారణ, వర్ణక్రమం ఒకటిగా కలిసిపోయాయి, అంతే. నేటి నిఘంటువు తెరిచి పాత ఇంటిపేరుకు అర్థం చెప్పే అలవాటును దయచేసి ఇక్కడితో మానుకోండి. నేను నిఘంటువును ఎప్పుడూ చివరనే తెరుస్తాను. ఆ పేరు పాత పత్రాలలో ఏ రూపంలో ఉందో, దాని ముందు "నుంచి" అని చెప్పే లాటిన్ "డి" గాని "వద్ద" అని చెప్పే ఆంగ్ల "అట్" గాని ఉందో లేదో మొదట చూస్తాను. ఆ చిన్న మాట కనిపిస్తే అది స్థలాన్ని బట్టి వచ్చిన పేరని దాదాపు తేలిపోయినట్టే.

ఇక అసలు చిక్కు. పాత ఆంగ్లంలో నామవాచకాలకు మన భాషలో వలెనే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. "కొట్" అంటే గుడిసె, "కొటుమ్" అంటే "గుడిసెల వద్ద". బహువచనంలో చతుర్థీ విభక్తికి వచ్చే ఆ "ఉమ్" ప్రత్యయమే నోట నలిగి "అన్"గా మారి, కోటన్, కాటన్ అనే రూపాలను ఇచ్చింది. కాబట్టి ఇక్కడ "టన్" అనే ముక్క అసలు లేదు. ఆ "ట" కారం గుడిసెది, మిగిలినది విభక్తిది. కంచె వేసిన వ్యవసాయ క్షేత్రాన్ని, తరువాత ఊరిని సూచించిన "టూన్" అనే పదం వేరు. క్లిఫ్టన్‌లోనూ న్యూటన్‌లోనూ ఉన్నది అది.

ఇదే మోసం "హామ్" విషయంలోనూ జరుగుతుంది. నివాసాన్ని, ఊరిని చెప్పే "హామ్" నిజంగానే చాలా పేర్ల చివర ఉంది. కాని న్యూషమ్, న్యూసమ్ అనే పేర్లు "కొత్త ఇళ్ల వద్ద" అనే అర్థం గల "నీవన్ హూసుమ్" నుంచి వచ్చాయి, అక్కడ "స" కారం ఇంటిది, "ఉమ్" మళ్ళీ ఆ విభక్తే. డరమ్ అనే పేరు రాతలో చివర "హామ్" ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి కొండను చెప్పే "డూన్"కు, నీరు చుట్టిన మెట్టనేలను చెప్పే స్కాండినేవియా పదం "హోల్మ్" చేరి అది ఏర్పడింది. చివరి అక్షరాలను చూసి కత్తిరించడం ఎంత ప్రమాదమో ఈ పేర్లే చెబుతున్నాయి.

తెలుగువారికి ఇది నిజానికి సులువుగా అందవలసిన విషయం. కందుకూరు అనే ఊరు నుంచి కందుకూరి, కొండవీడు నుంచి కొండవీటి అనే ఇంటిపేర్లు వచ్చాయి. ఊరు "ఊరి"గా, వీడు "వీటి"గా మారడం మనం చిన్నప్పుడు చదువుకున్న ఔపవిభక్తికమే. మన ఇంటిపేరు విభక్తి జాడను పేరు చివర భద్రంగా మోస్తున్నది, ఆంగ్లేయుల పేర్లలో ఆ జాడ అరిగిపోయి, తెలియనివారికి మరో పదంలా కనిపిస్తున్నది. తేడా అంతే. కొన్నిచోట్ల ఆ జాడ పేరు ముందుకు వచ్చి చేరింది. "అట్టెన్ ఆష్", అంటే ఆష్ చెట్టు వద్ద, అన్న మాటలోని "న" కారం చెట్టు పేరుకు అతుక్కొని నాష్ అనే ఇంటిపేరు పుట్టింది.

ఊరి పేరు మనిషికి ఎప్పుడు అంటుకుంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే పేరు ఎంతమందికి వ్యాపిస్తుందన్నది దానిని బట్టే ఉంటుంది. కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ కందుకూరివారని పిలవవలసిన అవసరం లేదు, అక్కడ అందరూ కందుకూరివారే. ఊరు విడిచి మరోచోట స్థిరపడినప్పుడే ఆ పేరు గుర్తింపుగా పనికివస్తుంది. మధ్యయుగపు ఇంగ్లండులోనూ సామాన్యులకు ఇలాగే జరిగింది. భూస్వాముల దారి వేరు, వారు తాము పొందిన ఊరి పేరునే ధరించేవారు. 12వ శతాబ్దంలో హార్ట్‌బర్న్ పేరుతో పిలవబడిన విలియం అనే భూస్వామి ఈశాన్య ఇంగ్లండులోని వాషింగ్టన్ భూమిని పొంది ఆ ఊరి పేరు పెట్టుకున్నాడు. అమెరికా మొదటి అధ్యక్షుని వంశం అక్కడినుంచే సాగింది. (ఇందులోని "టన్" అసలైన "టూన్" అని గమనించండి.) అదే పేరును తరువాత అమెరికాలో బానిసత్వం నుంచి విముక్తులైన ఎందరో స్వీకరించారు. 2000 నాటి అమెరికా జనగణనలో ఈ ఇంటిపేరు గలవారు 1,63,036 మంది ఉండగా, వారిలో నూటికి 90 మంది ఆఫ్రికన్ అమెరికన్లు. పేరు పుట్టిన చోటు ఒకటి, దానిని నేడు మోస్తున్నవారి చరిత్ర మరొకటి అని తెలుసుకోవడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకలేదు.

వ్యాప్తిలో మాత్రం ఊరి పేర్లు వృత్తి పేర్లతో పోటీపడలేవు. కమ్మరి ప్రతి ఊరిలోనూ ఉంటాడు గనుక స్మిత్ అనే పేరు వేల చోట్ల విడివిడిగా పుట్టింది. 2010 నాటి అమెరికా జనగణనలో స్మిత్‌లు 24,42,977 మందితో మొదటి స్థానంలో ఉన్నారు, మొదటి పదింటిలో ఆంగ్లేయుల ఊరి పేరు ఒక్కటీ లేదు. ఊరి పేర్లలో కాస్త ఎక్కువగా వినబడేవి అదే పేరుతో అనేక ఊళ్లు ఉన్నవే. న్యూటన్ అంటే మన కొత్తపల్లి, ఇంగ్లండులో అలాంటి ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కొత్తపల్లివారందరూ ఒకే కుటుంబం కానట్టే న్యూటన్లూ, కాటన్లూ ఒకే మూలం నుంచి వచ్చినవారు కారు. ఆర్థర్ కాటన్ చెషైర్‌లోని కాంబర్మియర్ కాటన్ల వంశంవాడు. ఆ వంశానికి పేరిచ్చిన ఊరు ఏదో తేల్చడానికి వంశావళి పత్రాలు కావాలి, పేరు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు.

ఊరి పాత రూపాలకు 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కలతోనూ, మనుషుల పేర్లకు 1377, 1379, 1381 నాటి తలపన్ను జాబితాలతోనూ మొదలుపెట్టండి. వాషింగ్టన్ ఊరున్న డరమ్ ప్రాంతం డూమ్స్‌డేలో చేరలేదు కనుక వాషింగ్టన్ కోసం అందులో వెతికి కాలం వృథా చేసుకోకండి.

అభ్యాసం: ఓల్డమ్, ఏకమ్, నోక్స్ అనే మూడు పేర్లను విడదీయండి. మొదటిదానిలో "హామ్" లేదు, మిగిలిన రెండింటిలో ఓక్ చెట్టు దాగి ఉంది, దాని పాత రూపం "ఆక్". ఆ తరువాత మీ బంధువులలో పది ఇంటిపేర్లను తీసుకొని, ప్రతిదానికీ మూల గ్రామం ఏదో, పేరు చివర ఔపవిభక్తికం మిగిలి ఉందో లేదో రాయండి. వీలైతే ఆ గ్రామం వారిని అడిగి, ఆ ఇంటిపేరు గల కుటుంబం ఇప్పుడు ఆ ఊరిలో ఉందో లేదో కూడా కనుక్కొని రాయండి.