జేబులో లినక్స్ – 3వ పాఠం: ర్యామ్ సంగతి తర్వాత, ముందు కెర్నల్

జేబులో పట్టే లినక్స్ కంప్యూటర్‌తో ఏం చేద్దామనుకుంటున్నారో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. నోట్స్ రాసుకోవడం, పుస్తకాలు చదవడం, ఇంట్లోని సర్వర్‌లోకి లాగిన్ అవడం వంటివే మీ జాబితాలో ఉంటే కొత్త మెషీన్ కొనక్కర్లేదు. 2018లో వచ్చిన వన్‌ప్లస్ 6 గానీ, పోకో ఎఫ్1 గానీ సరిపోతుంది. రెండింట్లోనూ చిప్ స్నాప్‌డ్రాగన్ 845. రెండూ మన దేశంలో అమ్మిన ఫోన్లే కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవచ్చు.

ఈ పాతవాటినే ఎందుకు చెబుతున్నానంటే, కారణం కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపే సిస్టమ్ గుండెకాయ. ఆండ్రాయిడ్ అడుగున ఉండేదీ లినక్స్ కెర్నలే. కాకపోతే అది చిప్ తయారీదారు, ఫోన్ కంపెనీ తమకు కావలసినట్టు మార్చుకున్న కాపీ. ఈ రెండు ఫోన్లకూ 4.9 కెర్నల్ వచ్చింది. దానికి లినక్స్ డెవలపర్లు 2023 జనవరిలో మద్దతు ఆపేశారు. అయినా ఇవి మూలన పడలేదు. వీటికి కావలసిన డ్రైవర్లను (స్క్రీన్, వైఫై వంటి భాగాలను కెర్నల్‌తో పనిచేయించే ప్రోగ్రాములను) ఔత్సాహికులు రాసి, అసలు లినక్స్ సోర్స్ కోడ్‌లోకే, అంటే మెయిన్‌లైన్‌లోకి, చాలావరకు చేర్చారు. అందుకే ఇప్పటి కొత్త కెర్నల్ కూడా వీటి మీద నడుస్తుంది. ఇంతకంటే ఎక్కువ ర్యామ్ ఉండి, మెయిన్‌లైన్‌లో ఊసే లేని ఫోన్ మనకు దండగ.

ఈ తలనొప్పి ఇవాళ్టిది కాదు. 2002లో వచ్చిన షార్ప్ కంపెనీ చేతి కంప్యూటర్ జారస్ ఎస్ఎల్-5500 లినక్స్ మీదే నడిచేది. కానీ ఎస్‌డీ కార్డు డ్రైవర్ సోర్స్ ఇవ్వకుండా, 2.4 కెర్నల్‌కు మాత్రమే సరిపోయే బైనరీ (లోపల ఏముందో చూసి మార్చుకోలేని తయారైన ఫైలు) ఇచ్చారు. కార్డు కావాలంటే పాత కెర్నల్‌నే పట్టుకు వేలాడాలి. “లినక్స్ మీద నడుస్తుంది” అనే మాట చూసి మురిసిపోకుండా, ఏ డ్రైవర్ సోర్స్ ఎవరి చేతిలో ఉందో చూడమనేది అందుకే.

ఇక అభ్యాసం. ఫోన్లలో నడిచే లినక్స్ సిస్టమ్ పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వికీలో ఈ రెండు ఫోన్ల పేజీలూ తెరవండి. స్క్రీన్, టచ్, వైఫై, ఆడియో, కెమెరా, కాల్స్‌కు విడివిడిగా ఏది పనిచేస్తుందో, ఏది సగమో, ఏది లేదో పట్టికలో ఉంటుంది. మీ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో పనికీ టిక్ పెట్టండి. కెమెరా మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. కాల్స్ దగ్గర వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) సంగతి తప్పకుండా చూడండి. జియోకు 2జీ, 3జీ లేవు. వోల్టీ పనిచేయకపోతే డేటా వచ్చినా మామూలు కాల్ వెళ్లదు. యూపీఐ, బ్యాంకు యాప్‌లు మీ రోజువారీ ఫోన్‌లోనే ఉంచండి. ఇది రెండో పరికరం, అంతే.

పోకో ఎఫ్1లో ఇంకో మెలిక ఉంది. బయటికి ఒకేలా కనిపించినా లోపలి డిస్‌ప్లే ప్యానెల్ రెండు రకాలు: టియాన్మా, ఈబీబీజీ. ఇన్‌స్టాల్ చేసే ఇమేజ్‌లూ (సిస్టమ్ ఫైళ్లూ) వేర్వేరు. పొరపాటున మీ ప్యానెల్‌ది కాని ఇమేజ్ ఎక్కిస్తే స్క్రీన్ సరిగా రాదు. టెన్షన్ పడకండి, ఫోన్ పోయినట్టు కాదు. రెండో ఇమేజ్ ఎక్కించి చూడండి. ఈ తంటా వద్దనుకుంటే వన్‌ప్లస్ 6 తీసుకోండి, నా ఓటూ దానికే. అయితే దాంట్లో మెమరీ కార్డు పెట్టే చోటు లేదు, 64 జీబీది కాకుండా 128 జీబీది చూసుకోండి. టైప్-సి నుంచి మానిటర్‌కు బొమ్మ పంపడం రెండింటికీ చేతకాదు.

అమ్మేవాళ్ల దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకున్నాక, డబ్బులివ్వకముందే సెట్టింగుల్లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ‘ఓఈఎం అన్‌లాకింగ్’ మీట (వేరే సిస్టమ్ ఎక్కించుకోనిచ్చేది) ఆన్ అవుతోందా చూడండి. మసకబారి కదలకుండా ఉంటే బేరం వదిలేయండి. పోకో అయితే పాత యజమాని షావొమీ అకౌంట్ మీ ఎదుటే తీసేయమనండి. దాని బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) అన్‌లాక్‌కు మీ సొంత అకౌంట్ కావాలి, అప్పుడు కూడా కొన్ని రోజులు ఆగమంటుంది. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

వచ్చే పాఠంలో వన్‌ప్లస్ 6 బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి సిస్టమ్ ఎక్కిద్దాం. డేటా సరిగ్గా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ ఒకటి, లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి సిద్ధం చేసుకోండి.