ఊళ్లు లేని దారిలో కారులో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

- మొదట స్టెప్నీ. నాలుగు టైర్లకూ గాలి కొట్టించి దీన్ని మర్చిపోతాం. అవసరమైన రోజు తీస్తే మెత్తగా నొక్కుకుపోతుంది. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయా? ఇంటి దగ్గరే ఒకసారి నట్లు వదులు చేసి, మళ్లీ గట్టిగా బిగించండి. కారు ఎత్తకముందే వదులు చేయాలి, లేదంటే చక్రం తిరిగిపోతుంది.
- టైరు గాడి లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గితే మార్చాల్సిందే.
- కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంతుందో చూసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. దారిలో వేడెక్కితే రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.
- బ్యాటరీ పాతదా? టెస్ట్ చేయించండి.
- మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.
- నీళ్లు, మందులు, టార్చి, పిల్లలకు తినేవి చేతికందేలా పెట్టండి. సూట్‌కేసుల అడుగున ఉంటే చీకట్లో అదో టెన్షన్!
- ఏ దారిలో వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి.