ఆస్పత్రి వ్యర్థాలను వార్డులోనే వేరు చేయడం ఎలా?

ఏది ఏ రంగు సంచిలో వేయాలో బట్టీ పట్టిస్తే కొత్త సిబ్బంది వారం తిరక్కుండా మర్చిపోతారు. ఆ సంచి ఇక్కడి నుంచి ఎక్కడికెళ్తుందో చెప్పండి, గుర్తుంటుంది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచి ముఖ్యంగా కాల్చడానికి. ఎరుపు సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి రీసైక్లింగ్‌కి పంపుతారు. పొడిచినా చిల్లు పడని గట్టి తెల్ల డబ్బా సూదులకు, బ్లేడ్లకు. నీలం డబ్బా గాజుకు, ఎముకలకు వేసే లోహపు ప్లేట్లు, రాడ్లకు.

1. డబ్బాలు చేతికి అందేచోట పెట్టండి. తెల్ల డబ్బా, సూది కట్టర్ ఇంజెక్షన్ ట్రాలీ మీదే ఉండాలి. వరండా చివర పెడితే సూది చేతిలో పట్టుకుని నడుస్తారు, లేదా ట్రేలో వదిలేస్తారు. తర్వాత ట్రే కడిగే ఆయమ్మకు గుచ్చుకుంటుంది.

2. ఇంజెక్షన్ అయ్యాక సూదికి మళ్లీ మూత పెట్టకండి. కట్టర్‌తో సూది తెంపి తెల్ల డబ్బాలో, సిరంజి ఎరుపులో వేయండి. ఇన్సులిన్ సిరంజిలా సూది ఊడి రాకపోతే మొత్తంగా తెల్ల డబ్బాలోకే. ఖాళీ ఆంపుల్, గాజు వయల్ (ఇంజెక్షన్ మందు వచ్చే చిన్న సీసాలు) నీలంలోకి. క్యాన్సర్ మందుల వయల్ మాత్రం ప్రత్యేక గుర్తున్న పసుపు సంచిలోకి.

3. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టాక బయటికి తీసిన సూది తెల్ల డబ్బాకి, తర్వాత తీసేసే మెత్తటి గొట్టం ఎరుపుకి. సెలైన్ సెట్, ప్లాస్టిక్ బాటిల్, యూరిన్ బ్యాగు, గ్లవ్స్ కూడా ఎరుపుకే. రక్తం అంటిన దూది, గాజుగుడ్డ, పిండికట్టు, కాన్పు తర్వాతి మాయ, గడువు తీరిన మందులు పసుపుకి. ఎక్కువమంది తడబడేది రక్తపు సంచి దగ్గర: అది ప్లాస్టిక్ అయినా పసుపులోకే.

గ్లవ్స్, గొట్టాలు పసుపులో పడితే వచ్చే ముప్పు చిన్నది కాదు. వాటిలో పీవీసీ (క్లోరిన్ ఉండే ప్లాస్టిక్) ఉంటే, కాలినప్పుడు ఆ క్లోరిన్ వల్ల డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. కాల్చే వ్యర్థాల మీద హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిముల్ని చంపే క్లోరిన్ ద్రావణం) పోయొద్దనేదీ ఇందుకే. ల్యాబ్‌లోని కల్చర్లు (పరీక్ష కోసం పెంచిన సూక్ష్మజీవులు), రక్త నమూనాలు వేరు, వాటిని ల్యాబ్‌లోనే క్రిమిరహితం చేశాకే పంపాలి.

నేల మీద రక్తం ఒలికితే గ్లవ్స్ వేసుకుని, గుడ్డ కప్పి, 1 శాతం హైపో పోయండి. 5 శాతం సీసా అయితే 1 వంతుకి 4 వంతుల నీళ్లు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

4. సంచి ముప్పావు వంతు నిండగానే మూతి కట్టేయండి. తేదీ, వార్డు రాసి, బార్‌కోడ్ అంటించి తూకం నమోదు చేయండి. కట్టిన మూతి దగ్గరే పట్టుకుని ట్రాలీలో పెట్టాలి, ఒంటికి ఆనించుకుని మోయకూడదు. తాళం వేసిన గదిలో పసుపు సంచిలోని శరీర భాగాలు, రక్తం అంటిన దూదిలాంటివి 48 గంటలు దాటి ఉంచకూడదు. వ్యర్థాలు తీసుకెళ్లే బండి రాకపోవడంతో ఆ గడువు దాటితే కారణంతో సహా కాలుష్య నియంత్రణ మండలికి తెలపాలి. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆస్పత్రి సొంతంగా శుద్ధి ఏర్పాటు పెట్టుకోకూడదు, వెనక పెరట్లో గుంట తీసి తగలబెట్టడం సంగతి చెప్పక్కర్లేదు.

టిఫిన్ పొట్లాలు, మందుల అట్టపెట్టెలు మున్సిపాలిటీ చెత్తకి. అందులో రక్తపు దూది పడితే చేత్తో ఏరకండి, ఆ సంచి మొత్తాన్నీ బయోమెడికల్ వ్యర్థంగానే పంపండి.

5. సూది గుచ్చుకుంటే ఆ చోటు పిండకండి, నోట్లో పెట్టకండి, స్పిరిట్ రాయకండి. పారే నీళ్లలో సబ్బుతో కడిగి వెంటనే డాక్టరుకి చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంతవరకు 2 గంటల్లోపే మొదలెట్టాలి, 72 గంటలు దాటితే లాభం ఉండదు. హెపటైటిస్-బి టీకా మాత్రం ఉద్యోగంలో చేరేటప్పుడే వేయించాలి, ఊడ్చేవాళ్లతో సహా.